షేర్డ్ ఆఫీస్ బిల్డింగులో కరోనా జాగ్రత్తలు: పదిహేను నెలల నా అనుభవం

మాది చిన్న ఆఫీసు, నేనూ ఇంకో నలుగురూ. జీఎస్టీ రిటర్నులు, టీడీఎస్, పేరోల్ లాంటివి చిన్న కంపెనీలకి చేసిపెడతాం. హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక షేర్డ్ వర్క్‌స్పేస్ బిల్డింగులో ఆరో అంతస్తులో ఆరు సీట్ల క్యాబిన్ తీసుకున్నాం. సీటుకి నెలకి 7,500, పైన 18 శాతం జీఎస్టీ, మొత్తం 53,100. బిల్డింగ్ పేరు చెప్పను, ఎందుకంటే ఇంకా అక్కడే ఉన్నాం, మా డిపాజిట్ 90,000 వాళ్ళ దగ్గరే ఉంది.

ఇది 2021 ఆగస్టు మాట. మళ్ళీ ఆఫీసులు తెరుస్తున్నారు కదా, ఇలాంటి చోట సీటు తీసుకుందామా వద్దా అని ఈ నెలలోనే ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. ముగ్గురికీ గంట గంట చెప్పేసరికి గొంతు పోయింది, అందుకే రాసేస్తున్నా.

అసలు మొదలైంది 2020 మార్చి 4న. మాదాపూర్ ఐటీ పార్కు మైండ్‌స్పేస్‌లో ఒకరికి కరోనా అనుమానం అని ఒక బిల్డింగ్ ఖాళీ చేయించారు గుర్తుందా, తర్వాత అది నెగెటివ్ అని తేలింది గానీ ఆ రోజు మధ్యాహ్నం మా బిల్డింగులో కూడా జనం లిఫ్టుల దగ్గర కొట్టుకున్నంత పని చేశారు. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది, కరోనా అని భయపడి ఒక లిఫ్టులో పన్నెండు మందిమి ఎక్కాం. కింద మెడికల్ షాపులో మొన్నటిదాకా 5 రూపాయలున్న మాస్కు సాయంత్రానికి 40.

మార్చి 21 శనివారం అందరం మామూలుగా ఇంటికెళ్ళాం. ఆదివారం జనతా కర్ఫ్యూ, చప్పట్లు కొట్టాం, ఆ సాయంత్రమే రాష్ట్రంలో లాక్‌డౌన్ అని చెప్పేశారు. క్లయింట్ల డీఎస్సీలు (టీచర్ పోస్టుల డీఎస్సీ కాదండీ, డిజిటల్ సిగ్నేచర్ టోకెన్లు, పెన్ డ్రైవ్ లాంటివి) మొత్తం 31 ఆఫీసు సొరుగులో ఉండిపోయాయి. 3బీ (నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను) వరకు కంపెనీలు కూడా ఓటీపీతో ఫైల్ చేసుకోవచ్చని మేలో నోటిఫికేషన్ ఇచ్చారు గానీ మిగతా పనులకి టోకెన్ లేకపోతే కుదరదు. రెండు నెలలు ఆ సొరుగు నాకు కల్లోకి కూడా వచ్చింది.

మే 21న వెళ్ళనిచ్చారు, అదీ పదిహేను నిమిషాలకి, ఒక్కరే. ముందు రోజు సాయంత్రం 6 లోపు పేరు, ఫోన్ నంబరు, బండి నంబరు మెయిల్ చేయాలి, ఆరోగ్య సేతు యాప్ పచ్చగా ఉన్న స్క్రీన్‌షాట్ పెట్టాలి. వెళ్ళాక చూస్తే క్యాబిన్ తాళం కమ్యూనిటీ మేనేజర్ అమ్మాయి దగ్గర ఉంది, ఆ అమ్మాయి విజయవాడలో వాళ్ళింట్లో ఇరుక్కుపోయి ఉంది. డూప్లికేట్ వెతకడానికి గంటా ఇరవై నిమిషాలు. సొరుగు తెరిస్తే టోకెన్లన్నీ ఉన్నాయి, పక్కన మార్చిలో తిని వదిలేసిన సగం సున్నుండల డబ్బా కూడా ఉంది, దాని సంగతి వద్దులెండి.

అద్దె గురించి చెప్పాలి, ఎవరూ చెప్పరు కాబట్టి. ఆ ఒక్క రోజు తప్ప ఏప్రిల్, మే రెండు నెలలూ మేం కాలు పెట్టలేదు, అద్దె మాఫీ చేయండి అని అడిగా. పదకొండు నెలల లాక్-ఇన్ (అన్నాళ్ళూ వదిలి వెళ్ళకూడదనే షరతు) ఉంది కాబట్టి కుదరదు, కానీ ఏప్రిల్ అద్దెలో సగం 'క్రెడిట్స్' ఇస్తాం అన్నారు. సంతోషించా. తీరా చూస్తే అవి మీటింగ్ రూమ్ క్రెడిట్స్. మీటింగ్ రూములేమో కరోనా జాగ్రత్తల కింద తాళం వేసేశారు! తాళం వేసిన గదికి 22,500 రూపాయల క్రెడిట్ పెట్టుకుని కూర్చున్నా. నాలుగు మెయిళ్ళు, రెండు ఫోన్లు, ఒకసారి గట్టిగా అరవడం, మొత్తం ఐదు వారాలు పట్టింది దాన్ని జూన్, జూలై అద్దెలో తగ్గించడానికి.

జూన్ 8 సోమవారం నుంచి అధికారికంగా తెరిచారు. ఒక్కో క్యాబిన్‌లో మూడో వంతు మందే కూర్చోవాలని వాళ్ళ రూల్, అంటే మాకు రెండు సీట్లు, మిగతా నాలుగింటి మీద ఎర్ర టేపుతో ఇంటూ మార్కు. డబ్బులు మాత్రం ఆరింటికీ.

మొదటి రోజు గేటు దగ్గర కాళ్ళతో నొక్కే శానిటైజర్ స్టాండు, హైపో (క్రిములు చంపే హైపోక్లోరైట్) నీళ్ళలో తడిపిన పట్టా, జ్వరం చూసే థర్మల్ గన్ను, రిజిస్టరు. లిఫ్టుకి నలుగురే, లోపల నేల మీద నాలుగు మూలల్లో పాదాల స్టిక్కర్లు, గోడవైపు తిరిగి నిల్చోవాలి, స్కూల్లో పనిష్మెంట్‌లాగా. లిఫ్టు బటన్ల పక్కన థర్మాకోల్ ముక్కకి టూత్‌పిక్‌లు గుచ్చిపెట్టారు, ఒకటి తీసి దాంతో బటన్ నొక్కి కింద డబ్బాలో వేయాలి. మొదటి వారం కొత్త టూత్‌పిక్‌లు వచ్చాయి. రెండో వారం నుంచి డబ్బాలో పడేసినవే మళ్ళీ థర్మాకోల్‌కి గుచ్చుతున్నారని నాకెలా తెలిసిందంటే, ఒక దాని కొనకి నీలం సిరా అంటుకుని ఉంది, బుధవారం చూశా, శుక్రవారం మళ్ళీ అదే నా చేతికొచ్చింది. ఆ తర్వాత మోచేత్తో నొక్కడం మొదలుపెట్టా. ఉదయం తొమ్మిదిన్నరకి లిఫ్టు లైను పాతిక నిమిషాలు పట్టేది, ఆరు అంతస్తులు మెట్లెక్కడం అలవాటైపోయింది, మూడు కిలోలు తగ్గా, అదొక్కటే లాభం.

మెట్లెక్కి వెళ్తే ఇంకో తిప్పలు. మా ఫ్లోర్ ఎంట్రన్సులో మళ్ళీ గన్ను పెట్టేవాళ్ళు. జూన్ ఎండలో కూకట్‌పల్లి నుంచి స్కూటీ మీద వచ్చి, మాస్కు పెట్టుకుని ఆరు అంతస్తులు ఎక్కితే ఒళ్ళు కాలకుండా ఉంటుందా, 99.4 చూపించింది. సెక్యూరిటీ అన్న మంచివాడు. "మేడమ్, రెండు నిమిషాలు ఏసీ కింద నిలబడుర్రి, అదే దిగుతది" అన్నాడు. నిలబడ్డా, 97.3 వచ్చింది, రాసుకున్నాడు. ఒకరోజు అనుమానమొచ్చి రిజిస్టరు వెనక్కి తిప్పి చూశా, పేజీ మొత్తం అందరికీ 97.3. "ఏందన్నా ఇది" అంటే, బ్యాటరీ అయిపోయి నాలుగు రోజులైందట, చెప్తే కొత్త బ్యాటరీ ఇవ్వట్లేదట, రాయకపోతే సూపర్వైజర్ తిడతాడట. నేనే కింద కిరాణా షాపులో 60 రూపాయలు పెట్టి రెండు సెల్లులు కొనిచ్చా. ఆయన మీద కోపం రాలేదు. రోజుకి రెండొందల మంది మొహాల ముందు ఒక గుడ్డ మాస్కుతో నిలబడే మనిషి ఆయన.

మంచినీళ్ళ డిస్పెన్సర్ తీసేశారు, టీ మిషన్ ఆపేశారు, ప్యాంట్రీలో కుర్చీలు ఎత్తేశారు. మైక్రోవేవ్ మాత్రం ఉంచారు, ఎందుకో తెలీదు, దాని హ్యాండిల్ రోజుకి వంద మంది పట్టుకుంటారు. నీళ్ళు, టీ ఫ్లాస్కు, ప్లేటు, స్పూను, అన్నీ ఇంటి నుంచే. మా వాళ్ళలో ఒకమ్మాయి ఎల్బీ నగర్ నుంచి రావాలి, మెట్రో సెప్టెంబర్ 7 దాకా లేదు, వాళ్ళ తమ్ముడు బండి మీద దింపి మళ్ళీ సాయంత్రం వచ్చేవాడు, పెట్రోలు డబ్బులు నేనే ఇచ్చా, నెలకి 3,200.

జూలై బిల్లులో ఒక కొత్త లైను కనపడింది. 'హైజీన్ ఛార్జ్', సీటుకి 300, ఆరు సీట్లకి 1,800, దాని మీదా జీఎస్టీ. అగ్రిమెంటులో లేని లైను. ఇంటూ మార్కు వేసిన సీట్లకి కూడా హైజీన్ ఏంటండీ అని అడిగితే అది 'పాలసీ' అన్నారు. మూడు వారాలు పోట్లాడితే నాలుగు సీట్లకి తీసేశారు. ఎవరైనా సంతకం పెట్టే ముందు మాత్రం ఇలాంటి ఛార్జీలు మధ్యలో వేయకూడదని ఒక లైను రాయించుకోండి.

ఇవన్నీ చిల్లర గొడవలే. అసలు దెబ్బ డిసెంబర్‌లో తగిలింది.

డిసెంబర్ 1 జీహెచ్ఎంసీ ఎలక్షన్ సెలవు. 3వ తారీఖు గురువారం పొద్దున హౌస్‌కీపింగ్ అక్క మా క్యాబిన్ తుడుస్తూ తుడుస్తూ మామూలుగా అనేసింది, "ఆ మూల క్యాబిన్‌ల ఇద్దరికి వచ్చిందంట గదా మేడమ్, సోమారం నుంచి తాళమే" అని. మా క్యాబిన్‌కి ఆ క్యాబిన్‌కి మధ్య నలభై అడుగులు. వాష్‌రూమ్ ఒకటే, మైక్రోవేవ్ ఒకటే. మేనేజ్‌మెంట్‌కి సోమవారం రాత్రికే తెలుసు. మాకు మెయిల్ వచ్చింది గురువారం సాయంత్రం 5:40కి. 'మన కమ్యూనిటీలో ఒక మెంబర్' అని ఉంది, ఏ ఫ్లోరో లేదు, చివరగా ఏ రోజు వచ్చారో లేదు, అన్ని జాగ్రత్తలూ తీసుకుంటున్నాం అని మాత్రం మూడుసార్లు ఉంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. పేరు అడగలేదు నేను, ఎవరో పాపం వాళ్ళ బాధ వాళ్ళది. ఏ ఫ్లోరు, ఏ తారీఖు, ఈ రెండే అడిగా. 'ప్రైవసీ' అని జవాబు. ఫ్లోరుకి ప్రైవసీ ఏంటండీ?

శుక్రవారం ఐదుగురం టెస్టుకి వెళ్ళాం, ఒక్కొక్కరికి 850, మొత్తం 4,250. ముక్కులో పుల్ల పెట్టినప్పుడు కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, అదేం పెద్ద విషయం కాదు, రిజల్టు కోసం ఎదురుచూడటమే నరకం. మా అత్తగారికి 71, షుగర్ ఉంది, ఆ రాత్రి నేను బాల్కనీ పక్క గదిలో పడుకుని, గిన్నె గుమ్మం దగ్గర పెట్టించుకుని తిన్నా. శనివారం రాత్రి 8 గంటలకి వచ్చాయి. నలుగురికి నెగెటివ్. మా అకౌంట్స్ అబ్బాయికి పాజిటివ్.

ఇరవై నాలుగేళ్ళ పిల్లాడు, సూర్యాపేట దగ్గర ఊరు, ఎస్సార్ నగర్‌లో పీజీలో ఉంటాడు. ఎప్పుడూ మేడమ్ అనేవాడు ఆ రాత్రి ఫోన్‌లో "అక్కా, నా పేరు ఎవ్వరికీ చెప్పకక్కా, పీజీల తెలిస్తే సామాన్లు బయట పడేస్తరు" అన్నాడు. జ్వరం లేదు, వాసన మాత్రం పోయింది, అదీ నేనడిగితే కాఫీ పొడి వాసన చూసి చెప్పాడు.

ఇక్కడ నా సంగతి నేను చెప్పుకోవాలి. కేంద్ర ఆరోగ్య శాఖ 2020 జూన్ 4న ఆఫీసులకి ఇచ్చిన రూల్స్‌లో ఒకటి రెండు కేసులైతే వాళ్ళు గత 48 గంటల్లో తిరిగిన చోట్లు శుభ్రం చేస్తే చాలు, ఎక్కువైతే మొత్తం శుభ్రం చేసి 48 గంటలు మూసెయ్యాలి అని ఉండేది. బిల్డింగ్ వాళ్ళ లెక్కలో అప్పటికి రెండే. నేను చెప్తే మూడు. మూస్తారు. నెత్తి మీద 20వ తారీఖు 3బీ ఉంది, నెలాఖరుకి ఇన్‌కంటాక్స్ రిటర్నులు ఉన్నాయి. నిన్నటిదాకా ఎందుకు చెప్పలేదని వాళ్ళని దులిపేసిన దాన్ని, ఆ రాత్రి మెయిల్ టైప్ చేసి, డ్రాఫ్ట్‌లో పెట్టి, ఫోన్ బోర్లించి పడుకున్నా. పొద్దున లేచి మళ్ళీ చూసుకుని మళ్ళీ పెట్టేశా. చివరికి పంపింది ఆదివారం మధ్యాహ్నం 3 గంటలకి. పందొమ్మిది గంటలు. వాళ్ళు మూడు రోజులు తీసుకున్నారు నేను పందొమ్మిది గంటలే కదా అని సర్దిచెప్పుకోవచ్చు, కానీ ఆ ఆదివారం పొద్దున కూడా మా ఫ్లోర్‌లో ఒక డిజైన్ టీమ్ వాళ్ళు కూర్చుని పని చేసుకున్నారని తర్వాత తెలిసింది.

'ఆరో ఫ్లోరు, చివరగా వచ్చింది డిసెంబర్ 3, మైక్రోవేవ్ వాడేవారు' అని రాశా, పేరు రాయలేదు. సోమ, మంగళ ఫ్లోర్ మూసి హైపోక్లోరైట్ కొట్టారు. బుధవారం వెళ్తే నా కుర్చీ నీలం గుడ్డ మీద తెల్ల మచ్చలు, కుర్చీ వెనక వేలాడదీసిన నా చున్నీ కూడా పోయింది. ఎవరండీ, మీ దగ్గరేనటగా, అని లిఫ్టు లైన్లో ముగ్గురు అడిగారు. నేను ప్రైవసీ అన్నా. అనేటప్పుడు నాకే సిగ్గేసింది.

పీజీ ఆయనకి ఎలాగూ తెలిసిపోయింది. బయటకి పంపలేదు గానీ టెర్రస్ మీద నీళ్ళ ట్యాంకు పక్క రేకుల గది ఇచ్చి రోజుకి 500 ఎక్స్‌ట్రా అన్నాడు. పది రోజులకి 5,000, తిండి బయటి నుంచి, ఆక్సిమీటర్ 1,400, అవన్నీ నేనే ఇచ్చా. పిల్లాడు బాగానే లేచి తిరిగాడు, వాసన రావడానికి మాత్రం ఏడు వారాలు పట్టింది.

ఆ గొడవ తర్వాతే మా బిల్డింగులో చిన్న క్యాబిన్ల వాళ్ళం పదకొండు ఆఫీసులం కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. రూల్ ఒకటే, ఎవరికొచ్చినా ఫ్లోరు, తారీఖు పన్నెండు గంటల్లో గ్రూపులో పెట్టాలి, పేరు అడగకూడదు. మేనేజ్‌మెంట్ మెయిల్ కోసం ఎదురుచూడ్డం మానేశాం.

గ్రూపులో ఒకాయన కార్బన్ డయాక్సైడ్ కొలిచే చిన్న మీటరు తెచ్చాడు, అదే మాకు కళ్ళు తెరిపించింది. బయట రోడ్డు మీద 420 పీపీఎం (పది లక్షల పాళ్ళ గాలిలో ఎన్ని పాళ్ళో) చూపిస్తుంది, పొద్దున పదకొండింటికి మా ఫ్లోర్ హాల్లో పద్నాలుగు మంది ఉంటే 1,480. అంటే ఒకరు వదిలిన గాలి ఇంకొకరు పీలుస్తున్నట్టే. మొత్తం అద్దాల బిల్డింగు, కిటికీ అన్నదే లేదనుకున్నాం ఇన్నాళ్ళూ. జనవరి 18న ఏసీ టెక్నీషియన్ వస్తే పట్టుకుని అడిగాం. బయటి గాలి లాగే డాంపర్ ఉంది మేడమ్, కరెంటు బిల్లు ఎక్కువొస్తుందని ఎప్పుడో మూసేశారు అన్నాడు. ఆ రూల్స్‌లోనే ఏసీ 24 నుంచి 30 మధ్య పెట్టాలి అని, బయటి గాలి వీలైనంత రావాలి అని, రెండూ ఉండేవి. మొదటిది పట్టుకుని 27లో పెట్టి మమ్మల్ని ఉడకబెట్టారు, కరెంటు కూడా మిగులుతుంది కదా. రెండోది ఎవరికీ కనపడలేదు.

డాంపర్ తెరిస్తే పెరిగే బిల్లు ఎవరు కట్టాలని బిల్డింగ్ ఓనరుకీ వర్క్‌స్పేస్ వాళ్ళకీ ఐదు వారాలు నడిచింది. ఈలోపు ఆ టెక్నీషియనే ఇంకో మాట చెప్పాడు, అద్దాల్లో ఫ్లోరుకి నాలుగు పలకలు తెరుచుకునేవి ఉంటాయని, అగ్నిప్రమాదం అయితే పొగ పోవడానికట, ఎల్-కీ పెట్టి తిప్పాలి. ఎల్-కీ సెట్టు 180 రూపాయలు. రెండు పలకలు జానెడు తెరిచాం, ఇరవై నిమిషాల్లో మీటరు 710కి దిగింది. తొమ్మిది నెలలు పట్టాలు, టూత్‌పిక్‌లు, హైజీన్ ఛార్జీలు, చివరికి పనికొచ్చింది 180 రూపాయల తాళంచెవి. దుమ్ము, ఫ్లైఓవర్ హారన్లు వస్తాయి, భరించాలి.

ఫిబ్రవరి నెలాఖరుకి డాంపర్ సగం తెరిచారు. మార్చిలో ప్రశాంతంగా ఉంది, ఇంటూ టేపులు కూడా పీకేశారు. ఏప్రిల్‌లో రెండో వేవ్. గ్రూపులో పదో తారీఖు నుంచి రోజూ ఒక మెసేజ్, నాలుగో ఫ్లోరు, రెండో ఫ్లోరు, మళ్ళీ నాలుగు. ఏప్రిల్ 20న నైట్ కర్ఫ్యూ పెట్టారు, మేం 16కే ఖాళీ చేసేశాం, ఈసారి 31 డీఎస్సీలూ స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టుకుని. మే 12 నుంచి లాక్‌డౌన్, పొద్దున 6 నుంచి 10 దాకానే బయటికి. ఆ రెండు నెలల గురించి రాయను. అందరి ఇళ్ళలోనూ అదే.

జూన్ 20 నుంచి లాక్‌డౌన్ ఎత్తేశాక జూలై 5 సోమవారం వెళ్ళా. గేటు దగ్గర కొత్త కుర్రాడు గన్ను పట్టుకుని ఉన్నాడు. పాత అన్న ఊరెళ్ళాడా అని అడిగా. తెలీదన్నాడు. హౌస్‌కీపింగ్ అక్క చెప్పింది, మే మొదటి వారంలో పోయాడని, వనపర్తి అవతల వాళ్ళ ఊళ్ళోనే, బెడ్ దొరికేలోపే. గ్రూపులో పదకొండు ఆఫీసుల వాళ్ళం ప్రతి ఫ్లోరూ ప్రతి తారీఖూ పెట్టుకున్నాం, గేటు గురించి ఎవరమూ అడగలేదు. ఆయన ఏజెన్సీ మనిషి, మేనేజ్‌మెంట్ మెయిల్ లిస్టులోనూ లేడు, మా గ్రూపులోనూ లేడు. రిజిస్టరు అదే ఉంది, ఏప్రిల్ పేజీల్లో ఆయన రాతే, వంకర తొమ్మిది. వాళ్ళింటికి పంపడానికి గ్రూపులో 38,000 పోగయ్యాయి, ఏజెన్సీ వాళ్ళు అడ్రస్ ఇవ్వడానికి పదిహేడు రోజులు తీసుకున్నారు.

ఆ వారంలోనే ఇంకో పని చేశాం. గేటు, హౌస్‌కీపింగ్, డ్రైవరు కలిపి తొమ్మిది మంది, ఎవరికీ వ్యాక్సిన్ పడలేదు, ఫోన్‌లో స్లాట్ బుక్ చేసుకోవడం రాదు, సెంటర్లో లైను నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. కోవిషీల్డ్ అప్పుడు ప్రైవేట్‌లో 780, తొమ్మిదికి 7,020, ఆఫీసుకి దాదాపు 640 చొప్పున. స్లాట్‌లు మా ఎల్బీ నగర్ అమ్మాయి బుక్ చేసింది, నాలుగు రాత్రులు కూర్చుంది. సగం రోజు జీతం కట్ చేయకూడదని ఏజెన్సీకి మెయిల్ పెట్టించాం. జూలై 10 శనివారం ఎనిమిది మంది వెళ్ళారు, ఒకాయన రానన్నాడు, ఇప్పటికీ రానంటున్నాడు. అక్కకి ఆ రాత్రి జ్వరమొచ్చింది, సోమవారం వచ్చి చెయ్యి పైకి లేవట్లేదని నన్ను తిట్టింది.

ఇది రాసేనాటికి 2021 ఆగస్టు. మేం ఐదుగురం రోజు మార్చి రోజు వస్తున్నాం, మైక్రోవేవ్ ముట్టుకోం, అద్దం పలకలు పొద్దున రాగానే తెరుస్తాం, మొన్న వాన పడి ప్రింటర్ తడిసింది, రిపేరు 1,900. టూత్‌పిక్ థర్మాకోల్ మళ్ళీ పెట్టారు. వ్యాక్సిన్ వేయించుకున్న ఆ ఎనిమిది మంది సెకండ్ డోసుకి 84 రోజుల గ్యాప్ లెక్కేస్తే అక్టోబర్ 2 వస్తుంది, ఆ రోజు గాంధీ జయంతి, సెంటర్ ఉంటుందో లేదో కనుక్కోవాలి.